పిల్లల ఫాంటసీ కథల్లో క్రైస్తవ ప్రతీకలు: లేనివి పుట్టించకుండా, ఉన్నవి జారవిడవకుండా చదవడం ఎలా?

"నార్నియాలో సింహం అంటే యేసే కదా, మరి మిగతావాళ్లు ఎవరెవరు?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నార్నియా అంటే సి.ఎస్. లూయిస్ రాసిన ఏడు పిల్లల పుస్తకాల్లోని మాయాలోకం, ఆ సింహం పేరు ఆస్లాన్. పిల్లలకు చదివి వినిపించే అమ్మానాన్నలు, సాహిత్యంలో పేపర్ రాయాల్సిన విద్యార్థులు, సండే స్కూల్లో కథలు చెప్పేవాళ్లు, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లు. అందరికీ కావాల్సింది ఒక పట్టిక: ఎడమవైపు కథలో పాత్ర, కుడివైపు బైబిల్లో పాత్ర. అది మాత్రం నేనివ్వను. ఒకప్పుడు అలాంటి పట్టికే తయారుచేసుకుని వెళ్లి పిల్లల ముందు నోట మాట రాక నిలబడ్డాను, ఆ సంగతి ఆరో మెట్టులో వస్తుంది.

ఇక్కడ చెప్పేది పద్ధతి. మీరు విశ్వాసులైనా కాకపోయినా పనికొస్తుంది. ఒక్క హెచ్చరిక: దారిలో చాలా కథల ముగింపులు బయటపడతాయి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

బైబిల్ మొత్తం చదివి రావాలేమో అని టెన్షన్ పడొద్దు. పిల్లల ఫాంటసీలో తిరిగి తిరిగి కనిపించేవి గట్టిగా పది పన్నెండు చోట్లే. రెండు సాయంత్రాలు కూర్చుంటే అయిపోతుంది.

- ఆదికాండం 1 నుంచి 3: సృష్టి, తోట, తినకూడని పండు
- నిర్గమకాండం 12, 32: పస్కా గొర్రెపిల్ల, పగిలిన రాతి పలకలు
- యెషయా 53: నోరు తెరవకుండా వధకు వెళ్లే గొర్రెపిల్ల
- మత్తయి 26 నుంచి 28: ద్రోహం, గెత్సేమనే (పట్టుబడే ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట), సిలువ, ఖాళీ సమాధి
- లూకా 15: తప్పిపోయిన కుమారుడు
- యోహాను 1, 3, 20, 21: వెలుగు, కొత్త పుట్టుక, ఊపిరి ఊదడం, ఒడ్డున చేపల భోజనం
- 1 కొరింథీయులకు 15: మరణం మీద గెలుపు
- ప్రకటన 5, 21, 22: సింహం, గొర్రెపిల్ల, కొత్త భూమి

తర్వాత ఒక నోట్‌బుక్. పేజీని నాలుగు గళ్లు చేయండి: కథలో ఏం జరిగింది, బైబిల్లో ఏది గుర్తొచ్చింది, ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పింది. మొదటి మూడూ అందరూ నింపుతారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే మీ పని ఇంకా మొదలుకానట్టే లెక్క.

నార్నియాతో మొదలుపెట్టేవాళ్లకు ఇంకో మాట. ఏడు పుస్తకాలు 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. ఇప్పుడు దొరికే సంపుటాల్లో చాలావాటిని కథాకాలం ప్రకారం పేర్చి, సృష్టి కథ ఉన్న 'ద మెజీషియన్స్ నెవ్యూ'ని ముందు పెడుతున్నారు. ప్రతీకల కోసం చదివేవాళ్లు అచ్చయిన వరుసలోనే వెళ్లండి, అంటే 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్' ముందు. ఆస్లాన్ అనే పేరు మొదటిసారి వినపడ్డప్పుడు అతనెవరో కథలోని పిల్లలకూ తెలియదు, మనకూ తెలియదు, అక్కడి కథనమంతా ఆ తెలియకపోవడం మీదే నడుస్తుంది. సృష్టి కథ ముందే చదివేస్తే ఆ పేజీ చప్పగా పోతుంది.

## 2. మొదటి చదువులో పెన్ను ముట్టొద్దు

ఇది చిన్న మెట్టే, కానీ ఎవరూ పాటించరు. మొదటిసారి కథను కథగా చదవండి. ఎక్కడ భయం వేసిందో, ఎక్కడ గొంతు పట్టేసిందో, ఎక్కడ విసుగొచ్చిందో గుర్తుంచుకుంటే చాలు. పుస్తకం మూసిన తర్వాత ఏ పేజీ వెనక్కి లాగుతోందో చూసుకుని ఆ మూడు నాలుగు చోట్లకే పెన్నుతో తిరిగి వెళ్లండి.

కదిలించని చోట ప్రతీక దొరికినా పెద్ద ప్రయోజనం ఉండదు.

## 3. రచయిత ఏ పద్ధతిలో రాశాడో తేల్చుకోండి

సగం తప్పులు ఇక్కడే మొదలవుతాయి. క్రైస్తవ ప్రతీకలున్న కథలన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు.

అన్యాపదేశం, అంటే అలిగరీ, ఒక రకం. ఇందులో ప్రతి పాత్రా ఒక భావానికి నేరుగా బొమ్మ. జాన్ బన్యన్ 1678లో అచ్చువేసిన 'యాత్రికుని ప్రయాణం' దీనికి నికార్సయిన నమూనా. కథానాయకుడి పేరే క్రైస్తవుడు, దారిలో పట్టుకునే రాక్షసుడి పేరు నిరాశ. ఇక్కడ పట్టిక పనిచేస్తుంది, ఎందుకంటే రచయితే పట్టిక వేసుకుని రాశాడు.

నార్నియా అలాంటిది కాదు. ఈ మాట నాది కాదు, సి.ఎస్. లూయిస్ స్వయంగా 1958 డిసెంబరులో ఒక ఉత్తరంలో వివరించాడు. బన్యన్ రాక్షసుడు నిరాశ అనే భావానికి బొమ్మ, ఆస్లాన్ దేనికీ బొమ్మ కాదు. నార్నియా లాంటి లోకం నిజంగానే ఉండి, మన లోకంలోకి వచ్చినట్టే దేవుని కుమారుడు అక్కడికీ వస్తే ఎలా ఉంటుంది అన్న ఊహ అది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చదివే తీరే మారిపోతుంది. బొమ్మ అయితే ప్రతి గీతా అసలుతో కలవాలి. ఊహ అయితే అక్కడి సంగతులు అక్కడి లెక్క ప్రకారమే జరుగుతాయి, తేడాలు రావడమే సహజం.

మూడో రకంలో విశ్వాసం పైకి కనపడదు, నేలలో నీరులా లోపల ఉంటుంది. టోల్కీన్ కథల్లో గుడి లేదు, ప్రార్థనలు దాదాపు లేవు, అలిగరీ అంటే ఆయనకు గిట్టేది కాదు. అయినా 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మౌలికంగా మతపరమైన, క్యాథలిక్ రచన అని 1953లో జెసూట్ అనే క్యాథలిక్ సన్యాస సంఘానికి చెందిన ఒక మిత్రుడికి రాశాడు. ఇక్కడ వస్తువుల కోసం వెతికితే ఏమీ దొరకదు. జాలి, క్షమ, చిన్నవాళ్ల మీద పడ్డ పెద్ద బరువు లాంటివాటిని చూడాలి.

నాలుగోది ఎదురు తిరిగే రకం. 1995, 2000 మధ్య మూడు పుస్తకాలుగా వచ్చిన ఫిలిప్ పుల్మన్ 'హిజ్ డార్క్ మెటీరియల్స్' పేరే ఆదాము హవ్వల పతనం మీద మిల్టన్ రాసిన కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్' రెండో కాండంలోది. హవ్వ కథను తీసుకుని, పండు తినడం పతనం కాదు, ఎదగడం అని తిప్పి చెప్తుంది. ఇది కూడా క్రైస్తవ ప్రతీకల కథే. ఒప్పుకున్నా పోట్లాడినా వాడుతున్నవి అవే బొమ్మలు. దీన్ని వదిలేసేవాళ్లు మంచి సరుకు పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం.

చేతిలో ఉన్న పుస్తకం వీటిలో దేనికి దగ్గరో నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క వాక్యంగా రాసుకోండి. రెండు రకాలూ కలిసినట్టనిపిస్తే అదే రాయండి.

## 4. వస్తువుల వెంట పడొద్దు, సన్నివేశం పట్టుకోండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసేది ఏమిటంటే తెల్లరంగు, వెలుగు, నీళ్లు, మూడు అంకె, చెట్టు కనపడగానే కింద గీత గీసేస్తారు. ఏ కథలో ఉండవు చెప్పండి, నీళ్లూ చెట్లూ? మూడు అన్నది ప్రతి దేశపు జానపద కథలోనూ ఉంటుంది.

అందుకే సంఘటన నుంచి బయల్దేరండి. రెండో చదువులో అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

- ఒకరి తప్పుకు మరొకరు మూల్యం చెల్లించారా?
- చనిపోయాడనుకున్నవాడు తిరిగి వచ్చాడా? వస్తే మొదట చూసింది ఎవరు?
- తినడమో తాగడమో కథను మలుపు తిప్పిందా?
- ఎవరైనా తనంతట తాను మారలేక, ఇంకొకరి చేతిలో మారారా?
- ద్రోహం చేసినవాణ్ణి చివరికి ఏం చేశారు?
- బలవంతులకు చేతకానిది అల్పులకు ఎందుకు సాధ్యమైంది?
- లోకం పుట్టడమో అంతమవడమో చూపించారా?

రెండింటికి అవునని వస్తే ముందుకెళ్లండి. ఒక్కదానికీ రాకపోతే ఆ పుస్తకంలో సిలువ ఆకారంలో కత్తి ఉన్నా సరే, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

## 5. పక్కపక్కన పెట్టి చదవండి: రాతిబల్ల ఘట్టం

ఇప్పుడు 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్'లో ఒక ఘట్టం దగ్గరగా చూద్దాం. మన లోకం నుంచి నార్నియాకు వెళ్లిన నలుగురు తోబుట్టువుల్లో ఒకడు ఎడ్మండ్. ఎడ్మండ్ తోబుట్టువులను మోసం చేసి మంత్రగత్తె పక్షాన చేరాడు. లోకం పుట్టినప్పటి చట్టం ప్రకారం ద్రోహి ప్రాణం తనదేనని ఆమె వాదన. ఆస్లాన్ ఆమెతో విడిగా మాట్లాడి, ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా బయల్దేరతాడు. రాతిబల్ల మీద ఎడ్మండ్ బదులు తానే చనిపోయి, తెల్లవారేసరికి తిరిగి లేస్తాడు. ఈ ఘట్టాన్నీ, మత్తయి 26, 27, 28 అధ్యాయాలనూ ఎదురెదురుగా తెరిచి పెట్టుకుని వరుసగా నడవండి.

రాత్రి, దిగులు, తోడు కోరడం: గెత్సేమనే. జూలు గొరిగి, మూతికి చిక్కం కట్టి, పిల్లి అని వెక్కిరించడం: ముళ్ల కిరీటం పెట్టి సైనికులు చేసిన ఎగతాళి. ఎదురు తిరగకపోవడం: యెషయా 53. తెల్లవారుజామున దగ్గరుండే ఇద్దరూ ఆడపిల్లలు: సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు. పెద్ద చప్పుడుతో రాతిబల్ల రెండుగా పగలడం: చిరిగిన దేవాలయపు తెర, దాంతోపాటు ధర్మశాస్త్రం రాసిన రాతి పలకలు కూడా, ఎందుకంటే ఆ బల్ల మీద చెక్కి ఉన్నది చట్టమే.

ఆఖరిది గమనించారా, ఒకే వస్తువులోకి రెండు చోట్ల నుంచి వచ్చి కలిశాయి. పట్టికలో ఇది ఇమడదు. గళ్లలో అయితే రెండూ రాసుకోవచ్చు.

మూడో గడి నిండింది. చాలామంది ఇక్కడ పుస్తకం మూసేసి వ్యాసం మొదలుపెడతారు.

## 6. నాలుగో గడి: ఎక్కడ తప్పింది?

నేను చెప్పాలనుకున్న అసలు మెట్టు ఇదే.

ముందు నా సంగతి. చాలా ఏళ్ల క్రితం కొందరు పిల్లలకు ఈ పుస్తకం గురించి చెప్పడానికి పట్టిక రాసుకుని వెళ్లాను. సింహం, మంత్రగత్తె, ఎడ్మండ్, రాతిబల్ల అన్నిటికీ జోడీలు చెప్పుకుంటూ పోతుంటే వెనక వరసలో ఒక పాప చెయ్యెత్తి "మరి ఎలుకలు ఎవరు?" అంది. ఆస్లాన్ ప్రాణం పోయాక చిన్న చిన్న ఎలుకలు వచ్చి, అతన్ని కట్టిన తాళ్లను కొరికేస్తాయి. నా పట్టికలో ఎలుకలు లేవు. ఏదో దేవదూతలని అనేశాను. పాప నమ్మలేదు, నేనూ నమ్మలేదు.

ఇంటికొచ్చి వెతికితే జవాబు బైబిల్లో కాదు, తర్వాతి పుస్తకం 'ప్రిన్స్ కాస్పియన్'లో దొరికింది. ఆ రోజు తాళ్లు కొరికినందుకే తమ జాతికి మాటలు వచ్చాయని ఆస్లాన్ అక్కడ ఎలుకల వీరుడు రీపిచీప్‌కు చెప్తాడు. చనిపోయినవాడికి ఆ తాళ్లు తెగినా ఒకటే, తెగకపోయినా ఒకటే. ఎలుకలకు అది తెలియదు. పనికిరాని ఆ చిన్న దయ కూడా లెక్కలోకి వచ్చింది. సువార్తలో దీనికి నేరుగా జోడీ లేదు, అయినా ఆ అధ్యాయంలో ఇంతకన్నా క్రైస్తవమైన వివరం ఇంకొకటి ఉందా అంటే నాకు అనుమానమే.

అప్పటి నుంచి కలిసినవాటికన్నా తప్పినవాటినే ముందు రాసుకుంటున్నా. అదే ఘట్టంలో మరికొన్ని:

గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయారు. ఇక్కడ ఎడ్మండ్ అక్కాచెల్లెళ్లు సూజన్, లూసీ మేలుకునే ఉన్నారు, జూలులో చేతులు పెట్టి నడిచారు. చదివే పిల్లలకు ఆ రాత్రిలో ఒక చోటు దొరకాలనే అలా రాశాడేమో.

సిలువ లోకమంతటి కోసం. ఆస్లాన్ చనిపోయింది ఒక్క కుర్రాడి కోసం. పైగా కథ చివర్లో కూడా తనకోసం ఏం జరిగిందో ఎడ్మండ్‌కు చెప్పాలా వద్దా అని అక్కాచెల్లెళ్లిద్దరూ గుసగుసలాడుకుంటారు.

ఎడ్మండ్ అంటే యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు అని తేల్చేస్తారు చాలామంది. యూదాకు ముట్టింది 30 వెండి నాణేలు. ఎడ్మండ్‌ను పడగొట్టింది టర్కిష్ డిలైట్ అనే మిఠాయి, తిన్నకొద్దీ ఇంకా కావాలనిపించేది. తినడంతో మొదలైన పతనం ఎవరిది? ఆదాముది. నార్నియాలో మగపిల్లలను పిలిచేది కూడా ఆదాము కుమారుడనే. యూదా, ఆదాము, తప్పిపోయిన కుమారుడు, ముగ్గురూ ఒక చిరాకు పిల్లాడిలో ఉన్నారు. అందుకే వాడు మనకు అంత తెలిసినవాడిలా ఉంటాడు.

ఇంకొకటి. తిరిగి లేచాక ఆస్లాన్ మొదట చేసేదేమిటి? ఆ పిల్లలిద్దరితో పరుగెత్తి, దొర్లి, గాల్లోకి ఎగరేసి ఆడుకుంటాడు. సువార్తల్లో ఇలాంటిది లేదు. పునరుత్థానం అంటే సంతోషం అని పెద్దలకు మాటల్లో చెప్పొచ్చు, పిల్లలకు దాన్ని ఆటగానే చూపించాలి.

నాలుగో గడి నింపడానికి మూడు ప్రశ్నలు చాలు: బైబిల్లో ఉండి ఇక్కడ లేనిదేంటి? ఇక్కడ ఉండి బైబిల్లో లేనిదేంటి? ఆ మార్పు వల్ల చదివే పిల్లలకు ఏం దక్కింది?

## 7. వేరే ఊటలు కూడా చూడండి

అంతా బైబిల్ నుంచే వచ్చిందనుకోవద్దు. నార్నియాలో సగం మనిషి, సగం మేకగా ఉండే ఫాన్‌లు గ్రీకు, రోమన్ కథల నుంచి వచ్చాయి, మరుగుజ్జులు ఉత్తర ఐరోపా నుంచి, క్రిస్మస్ తాత మరో దారిన వచ్చాడు. చచ్చి మళ్లీ పుట్టే ఫీనిక్స్ పక్షి క్రైస్తవానికి ముందే గ్రీకు రాతల్లో ఉంది, తర్వాత పునరుత్థానానికి గుర్తుగా వాడుకున్నారు. ఒంటికొమ్ము గుర్రం యూనికార్న్ కూడా అంతే. కాబట్టి ఫీనిక్స్ కనపడగానే యేసు అని రాసేయకుండా, ఈ కథలో అది చేస్తున్న పనేంటో చూడండి.

మధ్యయుగాల జంతు గ్రంథాలు, అంటే బెస్టియరీలు, కొంచెం తెలిసి ఉంటే బాగా పనికొస్తాయి. సింహం పిల్లలు చచ్చి పుడతాయనీ, మూడో రోజు తండ్రి ఊపిరి ఊది బతికిస్తుందనీ వాటిలో ఉంటుంది. మంత్రగత్తె కోటలో రాళ్లుగా మారినవాళ్ల మీద ఆస్లాన్ ఊపిరి ఊదడం చదివినప్పుడు యోహాను 20:22తో పాటు ఇదీ గుర్తుకు రావాలి. లూయిస్ వృత్తిరీత్యా మధ్యయుగ సాహిత్యం చెప్పిన ప్రొఫెసర్, ఇవి ఆయనకు రోజూ చూసే సరుకు.

## 8. ప్రతి జోడీకి బలం ఎంతో గుర్తు పెట్టండి

పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: గట్టిది, మధ్యరకం, నా ఊహ.

గట్టిది అంటే కథలోనే సాక్ష్యం ఉన్నది, లేదా రచయితే చెప్పినది. రౌలింగ్ ఆఖరి హ్యారీ పాటర్ నవల (2007)లో రెండు సమాధుల మీద రెండు వాక్యాలుంటాయి. ఒకటి మత్తయి 6:21, నీ ధనం ఎక్కడుంటే నీ హృదయం అక్కడే అన్నది. రెండోది 1 కొరింథీయులకు 15:26, కడపటి శత్రువు మరణం అన్నది. ఎక్కడివో నవలలో రాసి ఉండదు, కానీ సందేహానికి చోటే లేదు. ఆ రెండు వాక్యాల్లోనే దాదాపు సిరీస్ సారమంతా ఉందని ఆమె అదే ఏడాది విలేకర్లకు చెప్పింది కూడా. భలే సంగతేమిటంటే, హ్యారీ రెండో వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకుని కంగారుపడతాడు, స్నేహితురాలు హెర్మయొనీ సరిచేస్తుంది. ప్రతీకను తొందరపడి చదివితే ఏమవుతుందో నవలే చూపించింది.

మధ్యరకం అంటే ఒకదాన్నొకటి బలపరిచే వివరాలు. టోల్కీన్ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో, చెడ్డ శక్తి ఉన్న ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్లే బృందం రివెన్‌డెల్ అనే చోటి నుంచి బయల్దేరింది డిసెంబరు 25న, ఉంగరం నాశనమైంది మార్చి 25న. రెండోది యేసు పుడతాడని దేవదూత మరియకు కబురు చెప్పిన రోజుగా క్రైస్తవ క్యాలెండర్‌లో ఉంది, సిలువ కూడా ఆ రోజే అని మధ్యయుగాల నమ్మకం. ఒక్క తేదీ అయితే యాదృచ్ఛికం అనేయొచ్చు. రెండు తేదీలు, రాసింది భక్తిగల క్యాథలిక్, పైగా తాను రాసినదాన్ని అంతగా దిద్దుకునే మనిషి.

నా ఊహ అంటే ఊహే. రాయండి, సిగ్గుపడక్కర్లేదు, "నాకలా అనిపించింది" అని పక్కన పెట్టండి చాలు.

## 9. పిల్లలతో చదువుతుంటే

చదివే ముందు ఏమీ చెప్పొద్దు. "ఇది యేసు కథ, జాగ్రత్తగా విను" అన్నారంటే పిల్లల వీపు నిటారుగా అవుతుంది, చెవులు మూసుకుపోతాయి. చిన్నప్పుడు భక్తిగా ఉండాలి అన్న ఒత్తిడే తన భక్తిని గడ్డకట్టించిందని లూయిస్ రాసుకున్నాడు, ఆ కాపలాను దాటించడానికే కథను ఎంచుకున్నాడు. మీరు మళ్లీ కాపలా పెట్టొద్దు.

అధ్యాయానికి ఒక్క ప్రశ్న చాలు, అదీ కథ గురించే. ఎడ్మండ్‌ను అంత తేలిగ్గా క్షమించొచ్చా? ఆస్లాన్ మంత్రగత్తెతో ఏం మాట్లాడి ఉంటాడు?

పిల్లలే "ఇది యేసులా ఉంది" అంటే "నీకెందుకలా అనిపించింది?" అని ఆగండి. 'ద వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్' చివర, మీ లోకంలో నాకు వేరే పేరుంది, దాన్ని మీరు తెలుసుకోవాలి అంటాడు ఆస్లాన్. ఆ పేరేంటని 1953లో ఒక పాప ఉత్తరం రాస్తే లూయిస్ పేరు చెప్పలేదు. క్రిస్మస్ తాత వచ్చే వేళకే వచ్చినవాడు, వేరేవాళ్ల తప్పుకు తనను అప్పగించుకున్నవాడు, గొర్రెపిల్ల అని కూడా పిలిపించుకునేవాడు అంటూ గుర్తులిచ్చి, ఇప్పుడు నువ్వే చెప్పు అన్నట్టు వదిలేశాడు. రాసినవాడే తొందరపడలేదు, మనకెందుకు?

ఇబ్బంది ప్రశ్నలు ఆఖరి పుస్తకం 'ద లాస్ట్ బ్యాటిల్'లో వస్తాయి. లిప్‌స్టిక్కులు, నైలాన్లు, పార్టీలే లోకమైపోయిందని సూజన్‌ను పక్కన పెట్టడం ఏమిటి? వేరే దేవుణ్ణి కొలిచిన ఎమెత్‌ను ఆస్లాన్ ఎలా చేర్చుకున్నాడు? నార్నియాకు శత్రువులుగా వచ్చే కాలోర్మెన్ జనాన్ని అలా చూపించడం న్యాయమా? తప్పించుకోకండి, రచయితను వెనకేసుకు రావాల్సిన పని కూడా మీది కాదు. నాకు సూజన్ విషయంలో ఇప్పటికీ కోపమే.

## 10. రాసేటప్పుడు

'డాన్ ట్రెడర్'లో యూస్టేస్ అనే పిల్లాడు డ్రాగన్ అయిపోతాడు. "యూస్టేస్ డ్రాగన్ చర్మం పాపానికి ప్రతీక, నీళ్లు బాప్తిస్మానికి ప్రతీక" అని రాసి ఊరుకుంటే చదివేవాళ్లకు మిగిలేదేమీ లేదు. అదే విషయం గళ్లలోంచి తీసి రాస్తే ఇలా వస్తుంది:

"దురాశతో నిధి మీద పడుకున్న యూస్టేస్ డ్రాగన్‌గా మేలుకుంటాడు. తన చర్మాన్ని తనే మూడుసార్లు ఒలుచుకుంటాడు, ప్రతిసారీ కింద ఇంకో పొర. చివరికి సింహం గోళ్లు దిగుతాయి, గుండెదాకా దిగినంత నొప్పి, ఆ తర్వాత నీళ్లలోకి విసిరేయడం, కొత్త బట్టలు. పాత స్వభావాన్ని విడిచి కొత్తది తొడుక్కోమన్న కొలొస్సయులకు 3:9-10, నీటితో కొత్త పుట్టుక గురించి చెప్పిన యోహాను 3 రెండూ వినిపిస్తాయి. కానీ కొలొస్సయులకు రాసిన పౌలు విడవమంటాడు, యూస్టేస్ విడవలేకపోతాడు. పైగా ఆ రోజు నుంచి పూర్తిగా మంచివాడైపోయాడని కథకుడు అనడు, నయమవడం మొదలైందని మాత్రమే అంటాడు."

వరుస చూడండి: సంఘటన, దాని శరీరం, వచనం, తేడా. ప్రతీక అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

## 11. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

ప్రతి మంచివాడూ యేసు అయిపోవడం. త్యాగం చేసిన ప్రతివాడూ క్రీస్తు రూపం కాడు. స్వచ్ఛందంగా వెళ్లాడా, వేరొకరి తప్పు మోశాడా, తిరిగొచ్చాడా అని మూడూ చూడండి. ఒక్కటే ఉంటే త్యాగం అని రాయండి, చాలు.

రచయిత భక్తుడు కాబట్టి అన్నీ కావాలనే పెట్టాడనుకోవడం. నార్నియా మొదలైంది సిద్ధాంతంతో కాదు, మంచు అడవిలో గొడుగు, పొట్లాలు పట్టుకుని నడిచే ఫాన్ బొమ్మ లూయిస్‌కు పదహారేళ్ల వయసు నుంచీ మనసులో ఉండటంతో. సింహం తర్వాత దూకింది.

మాయలున్నాయి కాబట్టి క్రైస్తవం కాదని తోసేయడం, లేదా వచనం ఉంది కాబట్టి ప్రసంగమే అనుకోవడం. మెడలిన్ లెంగిల్ 'ఎ రింకిల్ ఇన్ టైమ్' (1962) చూడండి. చీకటితో పోరాడినవాళ్లలో మొదట యేసు పేరు, తర్వాత బుద్ధుడు, గాంధీ, ఐన్‌స్టీన్ వంటి పేర్లు వస్తాయి. ఒకవైపువాళ్లకు అది మరీ క్రైస్తవం, మరోవైపువాళ్లకు సరిపడా క్రైస్తవం కాదు. మీరు ఏ పక్షం చేరకముందు ఆ పేజీ చదవండి.

వచనం పూర్తిగా చూడకపోవడం. ప్రకటన 5:5లో యూదా గోత్రపు సింహం అని చదివి ఆగిపోతారు. 6వ వచనంలో తిరిగి చూస్తే కనిపించేది గొర్రెపిల్ల. 'డాన్ ట్రెడర్' చివర ఒడ్డున చేపలు వండి పిలిచే గొర్రెపిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ సింహం అవుతుంది. ఆ ఒక్క వచనం చదవకపోతే ఈ తిరగేత మొత్తం పోతుంది.

## 12. పని ముగించే ముందు చూసుకోవాల్సినవి

- [ ] ఒకసారి పెన్ను లేకుండా చదివాను
- [ ] కథ ఏ రకమో ఒక వాక్యంలో రాశాను
- [ ] వస్తువుతో కాకుండా సంఘటనతో మొదలుపెట్టాను
- [ ] వచనం ముందూ వెనకా కూడా చదివాను
- [ ] ప్రతి జోడీకీ కనీసం ఒక తేడా రాశాను
- [ ] వేరే ఊట ఉందేమో చూశాను
- [ ] గట్టిది, మధ్యరకం, ఊహ అని గుర్తులు వేశాను
- [ ] ఎలుకల్లాంటివి మిగిలిపోతే బలవంతంగా జోడీ అంటించలేదు

## 13. ఈరోజే చేసి చూడండి

పెద్ద పుస్తకం వద్దు. ఆస్కార్ వైల్డ్ 1888లో అచ్చువేసిన 'ద సెల్ఫిష్ జెయింట్' తీసుకోండి, పది నిమిషాల కథ. రాక్షసుడు తోటకు గోడ కట్టి పిల్లల్ని తరిమేస్తాడు, తోటలోకి వసంతం రానంటుంది. గోడ కన్నంలోంచి పిల్లలు తిరిగొస్తారు, చెట్లు పూస్తాయి, ఒక్క మూల తప్ప. అక్కడ చెట్టెక్కలేక ఏడుస్తున్న చిన్నవాణ్ణి రాక్షసుడు ఎత్తి కొమ్మ మీద కూర్చోబెడతాడు. ఏళ్ల తర్వాత ఆ పిల్లాడు అరచేతుల్లో, పాదాల్లో మేకుల గుర్తులతో వచ్చి, ఈరోజు నువ్వు నా తోటకు రావాలి అంటాడు.

మేకుల గుర్తులు గట్టి సాక్ష్యం, దాని గురించి ఎక్కువ రాయొద్దు. పిలుపుకు లూకా 23:43 తెరవండి. అక్కడ ఆ మాట విన్నది పక్క సిలువ మీది దొంగ, ఇక్కడ తోట నాదంటే నాదని గోడ కట్టుకున్న ఆసామి.

తర్వాత ఆ చెట్టు దగ్గర కాసేపు ఆగండి. తెలుగు బైబిల్ సిలువను కొన్నిచోట్ల మ్రాను అంటుంది, అపొస్తలుల కార్యములు 5:30, 1 పేతురు 2:24 చూడండి. మ్రాను అంటే చెట్టే. అక్కడ చంపడానికి ఎక్కించారు. ఇక్కడ చెయ్యందక ఏడుస్తున్నాడని ఎక్కించాడు, ఎక్కించగానే ఆ చెట్టు పూసింది. దీన్ని మూడో గడిలో రాస్తారో నాలుగో గడిలో రాస్తారో మీరే తేల్చండి.